ఎనభై ఏళ్ల కిందటి బాంబుకు ఇవాళ్టి రైలు ఎందుకు ఆగుతుంది?

2025 మార్చి 7, శుక్రవారం. పారిస్‌లోని గార్ దు నోర్ స్టేషన్‌కు పొద్దున్నే పెట్టెలు ఈడ్చుకుంటూ వచ్చిన జనం బోర్డు చూసి అక్కడే నిలబడిపోయారు. లండన్ వెళ్లే యూరోస్టార్ రద్దు, బ్రస్సెల్స్ రైలు రద్దు, చుట్టుపక్కల ఊళ్లకు పోయే లోకల్ రైళ్లు కూడా లేవు. సమ్మె కాదు, మంచు కాదు. స్టేషన్‌కు రెండున్నర కిలోమీటర్ల దూరంలో, సెయింట్ డెనీ దగ్గర, రాత్రిపూట పట్టాల పక్కన మట్టి తవ్వుతున్న కూలీలకు రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబు ఒకటి తగిలింది. బరువు 500 కిలోల పైమాట, అందులో పేలుడు పదార్థమే 200 కిలోలు. యూరప్‌లోకెల్లా రద్దీ అయిన స్టేషన్, ఆ బాంబును నిర్వీర్యం చేసేదాకా, అంటే దాదాపు సాయంత్రం దాకా స్తంభించిపోయింది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. ఎప్పుడో 1944లోనో 45లోనో పడింది, ఇన్నేళ్లూ దాని పక్కనుంచే రోజూ వందల రైళ్లు పోయాయి, ఏమీ కాలేదు, మరి ఈ ఒక్క రోజే ఏమవుతుందని ఇంత హడావుడి? జర్మనీలో చదువుకుంటున్న మన పిల్లలు ఇంటికి ఫోన్ చేసి "మా వీధిలో బాంబు దొరికింది, మధ్యాహ్నం దాకా ఖాళీ చేసి పొమ్మన్నారు" అని మామూలుగా చెప్పేస్తుంటే, ఇక్కడ అమ్మానాన్నలకు టెన్షన్. వాళ్లకు అది అలవాటైన విషయం, మనకు కాదు. కాబట్టి మొదటి నుంచి చూద్దాం.

పేలని బాంబులో ఏముంటుంది

విమానం నుంచి వేసే బాంబును మూడు భాగాలుగా అనుకుంటే చాలు. బయట మందమైన ఉక్కు గుల్ల, లోపల పేలుడు పదార్థం, దాన్ని పేల్చే ఫ్యూజ్. ఇక్కడ ఫ్యూజ్ అంటే మన ఇంటి కరెంటు ఫ్యూజ్ కాదు, "ఇప్పుడు పేలు" అని చెప్పే చిన్న యంత్రం. సూది గుచ్చుకోగానే ముందుగా పేలి అసలు మందును పేల్చే చిన్న డిటోనేటర్, దాని మీదికి దూకడానికి కాచుకుని ఉండే ఒక సూది, ఆ సూదిని ఆపి ఉంచే ఏదో ఒక అడ్డు. ఎలుకల బోను గుర్తు తెచ్చుకోండి: బిగించిన స్ప్రింగు, దాన్ని పట్టుకున్న చిన్న కొక్కెం. కొక్కెం జారితే కథ అయిపోయినట్టే.

చాలామంది పొరపడేది ఈ రెండు విషయాలను కలిపేసుకోవడం దగ్గరే. పేలుడు పదార్థం వేరు, ఫ్యూజ్ వేరు. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన టీఎన్‌టీ ఒకరకంగా మొద్దు పదార్థం. దాన్ని కరిగించి గుల్లలో పోసేవాళ్లు, కింద పడేసినా సాధారణంగా ఏమీ కాదు, నీళ్లలో దాదాపు కరగదు. మట్టిలో ఎనభై ఏళ్లున్నా దాని బలం పెద్దగా తగ్గదు. అంటే బయట గుల్ల తుప్పు పట్టినంత మాత్రాన లోపలి సరుకు చచ్చిపోయిందని కాదు. ముసలిదయ్యేది ఫ్యూజే. స్ప్రింగు తుప్పు పడుతుంది, అడ్డు బలహీనపడుతుంది, డిటోనేటర్‌లోని సున్నితమైన రసాయనాలు మారుతుంటాయి. అది ఏ వైపుకు ముసలిదవుతుందో, పని చేయకుండా పోతుందా లేక మరింత తేలిగ్గా పేలేలా తయారవుతుందా అన్నది బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు. భయమంతా ఇక్కడే ఉంది.

మరి పడినప్పుడే ఎందుకు పేలలేదు? కారణాలు చాలా మామూలువి. బాంబు కిందికి జారుతున్నప్పుడు గాలికి తిరిగే చిన్న రెక్కొకటి ఫ్యూజ్‌ను సిద్ధం చేయాలి, అది సరిగ్గా తిరిగి ఉండకపోవచ్చు. ముక్కు మీద పడాల్సింది బురదలో అడ్డంగా పడి ఉండొచ్చు. యుద్ధం హడావుడిలో లక్షల సంఖ్యలో తయారైన ఫ్యూజుల్లో కొన్ని పుట్టుకతోనే లోపంతో ఉండొచ్చు. వేసిన బాంబుల్లో 10 నుంచి 15 శాతం దాకా పేలలేదని సాధారణంగా చెప్పే అంచనా. దీపావళి మర్నాడు వాకిట్లో తుస్సుమని ఆగిపోయిన టపాసులు ఎన్ని దొరుకుతాయో తెలిసినవాళ్లకు ఈ లెక్క వింతగా అనిపించదు. ఆ టపాసు దగ్గరికి పిల్లల్ని ఎందుకు పోనివ్వమో కూడా తెలుసు.

ఒక చిన్న లెక్క

ఒక రాత్రి దాడిలో 100 విమానాలు వచ్చి తలా 10 బాంబులు వేశాయనుకుందాం. మొత్తం 1,000. పదో వంతు పేలలేదంటే 100 మిగిలాయి. అందులో 95ను యుద్ధం నడుస్తున్నప్పుడో ఆ తర్వాత కొన్నేళ్లలోనో తీసేశారనే అనుకుందాం, చాలా మంచి పనే చేశారు. ఐదు మిగిలాయి. ఐదే కదా అనిపిస్తుంది. కానీ జర్మనీలోని కొలోన్ నగరం మీద యుద్ధంలో 262 సార్లు వైమానిక దాడులు జరిగాయి. దాడికి ఐదు చొప్పున వేసుకున్నా 1,300 దాటుతుంది. నిజానికి అన్ని దాడులూ ఒకే పరిమాణంలో జరగలేదు, ఈ లెక్క అసలు సంఖ్య చెప్పదు. తీసేసిన తర్వాత కూడా ఇంకా ఎందుకు దొరుకుతూనే ఉన్నాయో మాత్రం చెబుతుంది. జర్మనీ మొత్తం మీద బాంబులు, ఫిరంగి గుళ్లు అన్నీ కలిపి ఏటా 2,000 టన్నుల పాత మందుగుండు ఇప్పటికీ బయటపడుతోందని అంచనా.

పైగా అప్పటి లక్ష్యాలేమిటో చూడండి: రైల్వే యార్డులు, వంతెనలు, రేవులు, విమానాశ్రయాలు, ఫ్యాక్టరీలు. ఈ రోజు కొత్త లైన్లు వేస్తున్నదీ, వంతెనలు మారుస్తున్నదీ, కేబుళ్లు పాతుతున్నదీ అక్కడే. అందుకే బాంబు దొరికిన వార్తలో రైళ్లు ఆగాయన్న మాట కూడా తరచూ ఉంటుంది, అది యాదృచ్ఛికం కాదు.

ఆలస్యంగా పేలమని చెప్పి పంపిన బాంబులు

అన్ని ఫ్యూజులూ నేలను తాకగానే పేలేవి కావు. కొన్నింటిని కావాలనే గంటల తర్వాత, రోజుల తర్వాత పేలేలా చేశారు. దాడి అయిపోయింది కదా అని జనం బయటికొచ్చి మంటలార్పుతున్నప్పుడో, కూలీలు పట్టాలు బాగు చేస్తున్నప్పుడో పేలాలని. చాలా క్రూరమైన ఆలోచన, కానీ పనితీరు మాత్రం సాదాసీదాగా ఉంటుంది.

సూదిని సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ బిళ్లలు ఆపి ఉంచుతాయి. వాటి పైన గాజు గొట్టంలో అసిటోన్ ఉంటుంది, గోళ్ల రంగు తుడిచే ద్రవంలో ఉండేదే. బాంబు పడేటప్పుడు ఒక మర తిరిగి గాజు పగులుతుంది, అసిటోన్ కిందికి కారి సెల్యులాయిడ్‌ను మెత్తబరుస్తుంది, బిళ్ల లొంగిపోగానే సూది దూకుతుంది. బిళ్ల ఎంత మందమో అంత ఆలస్యం. 144 గంటల దాకా, అంటే ఆరు రోజుల దాకా కూడా ఉండేవి. ఎవరైనా ఫ్యూజ్ విప్పబోతే అప్పటికప్పుడే పేలే ఏర్పాటు కూడా కొన్నింటిలో పెట్టారు.

బెర్లిన్‌కు ఉత్తరాన ఒరానియెన్‌బుర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. 1945 మార్చి 15న 600కు పైగా అమెరికన్ విమానాలు దాని మీద బాంబులు కురిపించాయి. అక్కడి ఆవుయర్ ఫ్యాక్టరీలో జర్మనీ అణు పరిశోధన కోసం యురేనియం శుద్ధి చేసేవాళ్లు, దాడి అసలు గురి అదే. వేసిన వాటిలో చాలావరకు ఈ ఆలస్యపు ఫ్యూజు ఉన్నవే. ఆ ఊరి నేల పైన మెత్తటి ఇసుక, దాని కింద గట్టి కంకర పొర. బాంబు ఇసుకలోకి చొరబడి, కంకరకు తగిలి, కొక్కెంలా వంపు తిరిగి ముక్కు పైకి పెట్టుకుని ఆగిపోయేది. ఇప్పుడు గాజు పగిలినా అసిటోన్ బిళ్ల మీదికి కారదు, వెనక్కి పోతుంది. బిళ్ల పూర్తిగా కరగలేదు, అలాగని చెక్కుచెదరకుండానూ లేదు. కాస్త ఆవిరి తగిలి, సగం మెత్తబడి, ఆ తర్వాత ఎనభై ఏళ్లుగా పెళుసెక్కుతూ ఉంది. సెల్యులాయిడ్ పాతబడితే దానంతటదే విరుగుతుంది. 1990 తర్వాత ఆ ఒక్క ఊళ్లోనే 200కు పైగా బాంబులు తీశారు. కొన్నయితే తీసేలోపే వాటంతట అవే పేలాయి.

"ఇన్నేళ్లూ పేలనిది ఇప్పుడెందుకు పేలుతుంది" అన్న ప్రశ్నకు నా దృష్టిలో సరైన జవాబు ఇదే. ఈ రకం బాంబు విషయంలో ఆరు రోజుల గడియారం ఆగిపోలేదు, బాగా నెమ్మదించింది అంతే.

ఎవరూ ముట్టకుండానే

2019 జూన్ 23 తెల్లవారుజామున జర్మనీలోని లింబుర్గ్ దగ్గర ఆల్‌బాఖ్ అనే పల్లె జనం పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడి లేచారు. తెల్లారాక చూస్తే పొలం మధ్యలో పది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు గుంత. అక్కడ ఎవరూ తవ్వలేదు, ట్రాక్టర్ కూడా పోలేదు. మట్టిలో ఉన్న బాంబు దానంతటదే పేలింది. రాత్రి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

జపాన్‌లోని మియజాకి విమానాశ్రయంలో 2024 అక్టోబర్ 2న జరిగింది చదివితే ఇంకా ఒళ్లు జలదరిస్తుంది. విమానాలు రన్‌వేకు నడిచే దారి పక్కన నేల బద్దలై, ఏడు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు గుంత పడింది. కింద ఉన్నది అమెరికన్ బాంబు. అంతకు కొద్ది నిమిషాల ముందే ఒక ప్రయాణికుల విమానం ఆ పక్కనుంచే పోయింది. 80కి పైగా విమానాలు రద్దయ్యాయి, మనుషులకు మాత్రం దెబ్బ తగల్లేదు. ఆ విమానాశ్రయం 1943లో జపాన్ నౌకాదళం కట్టుకున్నది, ఆత్మాహుతి విమానాలు బయలుదేరిన స్థావరాల్లో ఒకటి. అమెరికన్లు దాని మీద బాంబులు వేయడానికి కారణం అదే, అవి ఇప్పటికీ అక్కడ దొరకడానికి కారణమూ అదే.

వలయం పెద్దదైతే ఏమవుతుంది

బాంబు దొరకగానే అధికారులు మ్యాప్ మీద ఒక వలయం గీస్తారు. లోపలున్న వాళ్లంతా బయటికి పోవాలి. పేలుడు తాకిడి కొంతదూరమే గట్టిగా ఉంటుంది, కానీ ఉక్కు గుల్ల ముక్కలు వందల మీటర్లు ఎగిరిపోతాయి. బాంబు బరువును బట్టి, ఫ్యూజ్ రకాన్ని బట్టి, చుట్టూ ఉన్న కట్టడాలను బట్టి వలయం మారుతుంది.

2025 జూన్ 4న కొలోన్‌లో మూడు అమెరికన్ బాంబులు ఒకేసారి తీయాల్సి వచ్చింది. రెండు ఒక్కొక్కటి టన్ను, మూడోది అర టన్ను. రైన్ నది ఒడ్డున డాయిట్స్ వైపు, రెండు రోజుల ముందే బయటపడ్డాయి. వలయం 1,000 మీటర్లు. వృత్తం విస్తీర్ణం వ్యాసార్ధం వర్గానికి మూడు రెట్లకు కాస్త ఎక్కువ కాబట్టి 3.14 చదరపు కిలోమీటర్లు. ఖాళీ చేయాల్సిన జనం 20,500. చదరపు కిలోమీటరుకు సుమారు 6,500 మంది. ఇప్పుడు ఇదే జనసాంద్రతతో వలయాన్ని 300 మీటర్లే గీసి ఉంటే? 0.28 చదరపు కిలోమీటర్లు, అంటే 1,850 మంది. వ్యాసార్ధం మూడు రెట్లకు కాస్త పైగా పెరిగితే జనం పదకొండు రెట్లు పెరిగారు. 2017 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1.8 టన్నుల బ్రిటిష్ బాంబు దొరికినప్పుడు వలయం ఒకటిన్నర కిలోమీటర్లు, ఖాళీ చేసిన వాళ్లు 60,000కు పైనే. 2016 క్రిస్మస్ పండుగ రోజున ఆవుగ్స్‌బుర్గ్‌లో 54,000 మంది ఇళ్లు వదిలిపెట్టారు.

కొలోన్ వలయంలో ఒక ఆసుపత్రి, వృద్ధాశ్రమాలు, బడులు, పదుల కొద్దీ హోటళ్లు, డాయిట్స్ రైల్వే స్టేషన్, నది మీద హోహెన్‌జోలర్న్ రైలు వంతెన ఉన్నాయి. ఆ రోజు పెళ్లి రిజిస్టర్ చేసుకోవాల్సిన జంటలను వేరే ఆఫీసుకు పంపారు. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టి, వలయంలో మనిషి లేడని తేలాకే పని మొదలుపెడతారు. పాత ఊళ్లో ఒకరు కదలనని పట్టుబట్టడంతో పని ఆలస్యమైంది. ఇరవై వేల మందికి సగం రోజు పోయిన తర్వాత కూడా, ఒక్క మనిషి కోసం అందరూ ఆగాల్సిందే. పేల్చివేత కాదు, చేత్తో ఫ్యూజులు విప్పి తీశారు, సాయంత్రానికి జనం ఇళ్లకు చేరారు.

ఎక్కడుందో ఎలా కనిపెడతారు

బాంబులు వేసిన వాళ్లే, ముందూ తర్వాతా విమానాల నుంచి ఫొటోలు తీసి పెట్టుకున్నారు, దాడి ఫలితం చూసుకోవడానికి. ఆ పాత ఫొటోలే ఇప్పుడు బాంబులు వెతకడానికి పనికొస్తున్నాయి. పేలిన చోట పెద్ద గుంత కనిపిస్తుంది, పేలని చోట చిన్న చుక్కలాంటి రంధ్రం. అలాంటి చుక్క ఉన్న స్థలంలో కట్టడం మొదలుపెట్టే ముందు నేలలోకి సన్నని బోర్లు వేసి, ఇనుమును పసిగట్టే పరికరం దించి చూస్తారు. చిక్కేమిటంటే, ఫొటో తీసిన నాడు మబ్బు ఉండొచ్చు, చెట్టు నీడ ఉండొచ్చు, కూలిన ఇంటి శిథిలాల కింద రంధ్రం కప్పుకుపోయి ఉండొచ్చు. ఫొటోలో లేదంటే నేలలో లేదని అర్థం కాదు.

విప్పడమా, పేల్చడమా

సాధారణంగా మొదటి ప్రయత్నం ఫ్యూజ్‌ను బయటికి తీయడమే. అది వచ్చేస్తే మిగిలిన బాంబును లారీలో ఎక్కించి తీసుకుపోవచ్చు. చేత్తో తీయడం ప్రమాదమనుకుంటే దూరం నుంచి నడిపే పరికరంతోనో, ఇసుక కలిపిన నీటి ధారతోనో కోస్తారు. అదీ కుదరకపోతే ఉన్నచోటే పేల్చడం. 2012 ఆగస్టులో మ్యూనిక్‌లోని ష్వాబింగ్‌లో ఆలస్యపు ఫ్యూజు ఉన్న 250 కిలోల బాంబును అలాగే పేల్చారు. తాకిడి తగ్గించడానికి చుట్టూ పేర్చిన గడ్డి అంటుకుని నిప్పు రవ్వలు ఇళ్ల మీద పడ్డాయి, చుట్టుపక్కల అద్దాలు పగిలాయి. 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో 1,000 కిలోల జర్మన్ బాంబును పేల్చాక కూడా కొన్ని ఇళ్లు దెబ్బతిని, జనం వెంటనే తిరిగి రాలేకపోయారు.

మూడో దారి కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక ఇంటి పెరట్లో 500 కిలోల జర్మన్ బాంబు దొరికింది. ఇళ్ల మధ్య పేల్చడం కంటే జనాన్ని ఖాళీ చేయించి, సైనిక వాహనాల్లో వీధుల గుండా సముద్రానికి తీసుకుపోయి పేల్చడం మేలనుకున్నారు. పదివేల మందికి పైగా కదిలారు. ఆ కాన్వాయ్ పోయేంతసేపు రైళ్లు, పడవలు ఆపేశారు.

ఈ పని చేసే వాళ్ల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2010 జూన్ 1న జర్మనీలోని గోటింగెన్‌లో ఒక బాంబును నిర్వీర్యం చేయడానికి సిద్ధమవుతుండగానే అది పేలి ముగ్గురు నిపుణులు చనిపోయారు. ఎన్నో బాంబులు తీసిన అనుభవం ఉన్నవాళ్లు. 2014 జనవరిలో ఆయిస్‌కిర్హెన్‌లో మట్టి, శిథిలాలు ఎత్తుతున్న ఎక్స్‌కవేటర్ డ్రైవర్ ప్రాణం పోయింది. అతను బాంబుల మనిషి కూడా కాదు, రోజూ చేసే పని చేస్తున్నాడు.

ఇందులో వాదనలు ఎక్కడున్నాయి

జనాన్ని మరీ ఎక్కువగా ఖాళీ చేయిస్తున్నారన్నది ఒక వాదన. ముసలివాళ్లను, ఐసీయూలో ఉన్నవాళ్లను కదిలించడమే ఒక ప్రమాదం, అది నిజం. ఆగిన రైళ్లు, మూసిన దుకాణాల నష్టమూ నిజమే. ఖాళీ చేయించాల్సిందే అనే వాళ్లు గోటింగెన్ చూపిస్తారు. నా మటుకు నేను రెండో వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఖాళీ చేయించడం వల్ల కలిగే ఇబ్బందిని ముందే ఊహించి ఏర్పాట్లు చేసుకోవచ్చు, పేలుడును ఊహించలేం.

ఇంకో వాదన ఇంతకంటే లోతైనది. ఎవరో తవ్వినప్పుడు దొరికే దాకా ఆగాలా, లేక ఊరంతా వరసగా వెతికి తీసేయాలా? ఒరానియెన్‌బుర్గ్‌లో రెండో పద్ధతి నడుస్తోంది, ఎందుకంటే అక్కడి ఫ్యూజులు ఎదురుచూడవు. కానీ పెద్ద నగరమంతా అలా వెతకాలంటే ఇళ్ల కింద, రోడ్ల కింద, ఆసుపత్రుల కింద బోర్లు వేయాలి. ఖర్చు ఒకటైతే, వెతకడమే నేలను కదిలించడం అన్నది మరొకటి. నేలను తాకగానే పేలే మామూలు ఫ్యూజున్న బాంబు కదిలించకపోతే చాలావరకు ఊరకే ఉంటుంది కాబట్టి, దాన్ని అలాగే వదిలేయడమే మేలనే వాళ్లు తెలివితక్కువ వాళ్లేమీ కాదు. ఏ రకం ఫ్యూజు ఎక్కడుందో తెలిస్తే ఈ గొడవే ఉండదు, తెలియకపోవడం వల్లనే రెండు వాదనలూ నిలబడుతున్నాయి.

సముద్రంలో ఇంకో తీరు. 2019లో బాల్టిక్ సముద్రంలోని ఫెమార్న్‌బెల్ట్‌లో జర్మన్ నౌకాదళం 42 పాత బ్రిటిష్ మందుపాతరలను నీటిలోనే పేల్చింది. ఓడల దారికి అది భద్రతే, కానీ ఆ తర్వాత డాల్ఫిన్‌ను పోలిన పోర్పాయిస్ అనే జీవులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అందుకని ఇప్పుడు పేల్చకుండా పైకి తీసి నాశనం చేసే పద్ధతులు పరీక్షిస్తున్నారు.

ప్రయాణం మధ్యలో ఇరుక్కున్న వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. యూరప్ నిబంధనల్లో ఇలాంటి ఘటనను సాధారణంగా సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితిగా చూస్తారు. కాబట్టి ఆలస్యానికి అదనపు పరిహారం దొరక్కపోవచ్చు. విమానం లేదా రైలు రద్దయితే టికెట్ డబ్బు వాపసు గానీ, మరో దారిలో ప్రయాణం గానీ అడిగే హక్కు మాత్రం పోదు.

మన తీరంలోనూ

ఇది యూరప్ కథే అనుకుంటాం గానీ, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ చేసి పల్లెలకు పారిపోయిన కథలు విశాఖ పాత కుటుంబాల్లో ఇంకా చెప్పుకుంటారు. ఆ రోజు పడి పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. మన మీద ఒక్క రోజు పడ్డాయి, కొద్దిగా పడ్డాయి, అందుకే మనకు ఇది మ్యూజియంలో చూసే వస్తువుగా మిగిలింది.

మణిపూర్‌కు అలా కాదు. 1944లో ఇంఫాల్ చుట్టూ నెలల తరబడి బ్రిటిష్ ఇండియా సైన్యానికీ జపాన్ సైన్యానికీ యుద్ధం జరిగింది. అక్కడ ఇంటి పునాది తవ్వుతుంటేనో, మట్టి తీస్తుంటేనో ఇప్పటికీ బాంబులు, గుళ్లు బయటపడుతుంటాయి. పోలీసులు చుట్టూ తాడు కట్టి నిపుణుల కోసం ఎదురుచూస్తారు, పక్క ఇళ్ల వాళ్లను దూరంగా పంపుతారు. కొలోన్‌లో లాగా రైలు వంతెనలు, హోటళ్లు ఆగవు కాబట్టి ఆ వార్త మన దాకా రాదు. పునాది తవ్వుతున్న ఇంటివాళ్లు మాత్రం బాంబు తీసుకుపోయేదాకా పారలు పక్కన పెట్టి కూర్చుంటారు.